కొబ్బరికాయకీ గుమ్మడికాయకీ మధ్య దొనకొండ

సినిమా మనిషి: మాస్టారూ, దాపరికం లేకుండా నా లెక్క ముందే చెప్పేస్తాను. దొనకొండలో సుమారు 136 ఎకరాలు. రెండో ప్రపంచ యుద్ధం నాడు దొరలు వేసిన విమానాల మైదానం. కాయితాల మీద ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆస్తి, కంటికి మాత్రం చిల్లకంప. నాబోటి లొకేషన్లు వెతుక్కునేవాడికి పొడుగ్గా, చదునుగా, పైన ఆకాశం తప్ప ఏమీ లేని నేల దొరకడమంటే మెట్టలో వేసిన బోరుకి నీళ్లు పడ్డట్టే. మనవాళ్లు ప్రపంచ యుద్ధం తీయాలంటే జార్జియా దేశం దాకా వెళ్లారు. 2015లో వచ్చిన 'కంచె' అక్కడే తీశారు. విమానాశ్రయం సీను కావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టిన సెట్టు ఉంది. అసలు యుద్ధంలో వేసిన అసలు రన్‌వేని ప్రకాశం జిల్లాలో ఎండబెట్టుకుని, అట్టల విమానాశ్రయానికి అద్దె కడుతున్నాం. ఆ మైదానాన్ని షూటింగులకి తెరవండి అంటున్నాను. అందులో తప్పేముంది?

మాస్టారు: తప్పని నేనింకా అనలేదుగా. ముందు నీ మాటే ఒకటి పట్టుకుంటా. 'లొకేషన్' అన్నావు. ఆ మాటకి ఊరి పేరు ఉండదు. దొనకొండకి ఉంది. గుంటూరులో రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ, కురిచేడు దాటాక వస్తుంది. మీటర్ గేజి రోజుల్లో అక్కడ లోకోషెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ, రాత్రీ పగలూ బొగ్గు పొగ. నీ కెమెరా దిగిందంటే అది బర్మా అవుతుంది, కాదంటే పాకిస్తాన్ అవుతుంది. దొనకొండ మాత్రం అవదు.

సినిమా మనిషి: వేషం వేసినంత మాత్రాన మనిషి పోతాడా మాస్టారూ? మన సురభివాళ్లు తరతరాలుగా రాత్రికో వేషం వేస్తున్నారు, పొద్దున్నే సొంత పేరుతోనే టీ తాగుతున్నారు. బ్రిటిష్‌వాళ్ల 'డామ్ బస్టర్స్' సినిమాలో స్కాంప్టన్ అనే వైమానిక స్థావరం కథ చెప్పారు. 1954లో చాలావరకు తీసింది పక్కనున్న హెమ్స్‌వెల్‌లో. హెమ్స్‌వెల్‌కి ఏమన్నా అయిందా? పైగా ఇప్పుడు ఆ పేరు మీరూ నేనూ కూడా అనుకుంటున్నాం.

మాస్టారు: అనుకుంటున్నది నీలాంటివాళ్లయ్యా. టిక్కెట్టు కొన్నవాడికి స్కాంప్టనే గుర్తుంటుంది. సరే, అదీ వదిలెయ్. ఈ నేల వాడకంలోకి రావాలన్నది నాకూ ఇష్టమే. దాని గురించి ఏం చెబుతావో చెప్పు.

సినిమా మనిషి: చెప్పేది మూడు ఊళ్ల సంగతి. యుద్ధం రోజుల్లో మన జిల్లాల్లో రన్‌వేలు చాలాచోట్ల పడ్డాయి. గన్నవరం బతికింది, ఎందుకంటే జనం ఎక్కారు. ఇవాళ అది విజయవాడ ఎయిర్‌పోర్టు. తాడేపల్లిగూడెంలో విమానం రాలేదు, ఊరే వచ్చి ఆ మైదానాన్ని కలుపుకుంది. నిట్ కట్టింది కూడా ఆ విమానాశ్రయ భూముల్లోనే. మూడోది దొనకొండ. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ కట్టలేదు. వాడని ఇల్లు ముందు కప్పు దగ్గర కారుతుంది, తర్వాత గోడ దిగుతుంది, ఆఖరికి హద్దురాయి కూడా పోతుంది. ఈ పల్నాడు, ఒంగోలు పట్టులో ఖాళీ సర్కారు భూమి అంటే ఎన్ని కళ్లు పడతాయో మీకు నేను చెప్పాలా? ఏడాదికి రెండు సినిమాలు వచ్చినా సరే, కంప కొడతారు, కాపలా పెడతారు, హద్దులు నిలబడతాయి.

మాస్టారు: ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదు. ఒప్పుకుంటున్నా. చరిత్ర చరిత్ర అనే మేం ఎనభై ఏళ్లలో అక్కడో బోర్డు పాతలేదు. కంప కొట్టేవాడు ఎవడైనా వాడికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ వాడకం అంటే షూటింగే ఎందుకవ్వాలి? మన దగ్గరే ఇంకో రన్‌వే ఉంది చూడు. కోరిశపాడు, రేణింగవరం మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2022 డిసెంబరు 29న యుద్ధవిమానాలు దాని మీదికి దిగినంత పని చేసి లేచిపోయాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ నిజంగానే దిగాయి, తిరిగి ఎగిరాయి. మిగతా రోజులన్నీ దాని మీద నడిచేది ఎవరు? పత్తి బేళ్ల లారీలు, గుంటూరు యార్డుకి పోయే మిర్చి టిక్కీలు. అదీ వాడకమంటే. యుద్ధానికి ఒక పూట, ఊరికి ఏడాది పొడుగునా.

సినిమా మనిషి: మీరు నాకే సాయం చేస్తున్నారు మాస్టారూ! ఎయిర్‌ఫోర్సువాళ్లు ఏం చేశారు? ట్రాఫిక్ మళ్లించారు, విమానం దింపారు, సాయంత్రానికి రోడ్డు అప్పగించారు. నేనడిగేదీ అదే. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి గుమ్మడికాయ కొట్టే రోజు దాకా, పదో పదిహేనో రోజులు. తర్వాత నేల మీది.

మాస్టారు: వాళ్లు వెళ్లాక రోడ్డు మీద టైర్ల మచ్చ తప్ప ఏం మిగల్లేదు. మీరు వెళ్లాక ఏం మిగులుతుందో నేను చూశాను. థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మలు, జనరేటర్ వ్యాను కారిన చోట డీజిలు, బిర్యానీ పొట్లాలు. అవి ఊడిస్తే పోతాయనుకో. ఊడిస్తే పోనిది ఇంకోటుంది. ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్ అనే మైదానం గురించి నీకు తెలిసే ఉంటుంది.

సినిమా మనిషి: తెలుసు. 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' సినిమా. మీరు ఆ హ్యాంగరు దగ్గరికే వస్తారని తెలుసు.

మాస్టారు: రాకుండా ఎట్టా ఉంటా? మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల కొట్టం అది. అట్టాంటివి వరసగా నాలుగుండేవి. రెండు యుద్ధాలు చూసింది. జర్మనీవాడు పడగొట్టలేకపోయిన దాన్ని 1968లో సినిమావాళ్లు మందుపాతర పెట్టి పేల్చేశారు, తెర మీద జర్మనీవాడు పేల్చినట్టు కనపడ్డానికి. ఇప్పుడక్కడ మూడే మిగిలాయి. జరగని విధ్వంసాన్ని చూపించడానికి, జరగకుండా మిగిలినదాన్ని ధ్వంసం చెయ్యడం. ఇంతకంటే వింత లెక్క నేనెక్కడా వినలేదు. 'మెంఫిస్ బెల్' తీసేటప్పుడు 1989లో బిన్‌బ్రూక్ మైదానంలో నిజం బి-17 విమానం ఒకటి లేవబోయి పడి కాలిపోయింది. మనుషులు బతికిపోయారు, అది వాళ్ల అదృష్టం. యుద్ధంలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి యుద్ధం సినిమాకి పోయింది.

సినిమా మనిషి: ఆ హ్యాంగరుని నేను వెనకేసుకురాను. మా వృత్తిలో అది మచ్చ. కానీ డక్స్‌ఫర్డ్ కథ మీరు సగంలో ఆపేశారు. 1961లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ దాన్ని వదిలేసి వెళ్లిపోయింది. ఏడేళ్లు దిక్కులేకుండా ఉంది. అచ్చం మన దొనకొండలాగే ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు వచ్చింది సినిమా. వందదాకా పాత విమానాలని ఎక్కడెక్కడి నుంచో పోగేశారు. కొన్ని స్పిట్‌ఫైర్లని మళ్లీ ఎగిరే స్థితికి తెచ్చారు. మైదానం పేరు మళ్లీ జనం నోట్లో పడింది. 1970లు గడిచేసరికి అది ఇంపీరియల్ వార్ మ్యూజియం చేతికి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో పేరున్న విమానాల మ్యూజియాల్లో అదొకటి. ఆ మూడు హ్యాంగర్లు నిలబడి ఉన్నది నాలుగోదాన్ని పేల్చిన సినిమా వల్లనే అని నేననను. అంతమాట అంటే అతిశయోక్తి. ఆ సినిమా రాకపోతే నాలుగూ ఉండేవి అని మీరు మాత్రం గట్టిగా అనగలరా?

మాస్టారు: అనలేను.

(సంవాదం రాస్తున్నవాడు హ్యాంగరు పేల్చిన మాట దగ్గర మాస్టారి వైపు ఒరిగిపోయాడు. సినిమా మనిషి జవాబు మళ్లీ లేపి కూర్చోబెట్టింది.)

మాస్టారు: అనలేను గానీ, తేడా చూడు. డక్స్‌ఫర్డ్‌లో నిజంగా యుద్ధం జరిగింది. అక్కణ్ణించి లేచినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. సినిమావాడు వచ్చి మళ్లీ విమానాలు లేపితే, జరిగినదాన్నే ఆడినట్టు. దొనకొండ అట్టా కాదు. ఇక్కడ బాంబు పడలేదు. ఇక్కడి కథ వేరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ముందురోజే కొలంబో మీద వేశారు. ఇక రేపు మద్రాసు, ఎల్లుండి మనం అన్నారు. మద్రాసులో జనం మూటలు కట్టుకుని రైళ్ల మీద పడ్డారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం సామాను సర్దుకుని మన గుంటూరు వచ్చేసింది. పిల్లలు యుద్ధం పేరు చెప్పి గుంటూరు ఎండల్లో చదువుకున్నారు. దేశం మొత్తం మీద రెండువందలకు పైగా వైమానిక మైదానాలు వెయ్యాలని తీర్మానం చేసుకున్నారు. ఆ హడావుడిలో పుట్టింది ఈ రన్‌వే. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేది ఒకటే, విమానాలు దిగేవి, నూనె పోసుకునేవి, పోయేవి. ఈ నేల చూసింది యుద్ధాన్ని కాదు. భయాన్ని చూసింది, ఎదురుచూడ్డాన్ని చూసింది. నువ్వు అది తీస్తావా? తీయవు. నీ నిర్మాత అడుగుతాడు, బాంబు ఎక్కడ అని. నువ్వు బాంబు పెడతావు. పదేళ్లు పోయాక మా ఊరి పిల్లవాడే చెబుతాడు, మా రన్‌వే మీద జపానోడు బాంబేశాడని. సినిమాలో చూశాను అంటాడు.

సినిమా మనిషి: ఇదొక్కటీ నన్ను కదిలించే మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అబద్ధం అందంగా ఉంటే నిజాన్ని పక్కకి నెడుతుంది, అది మా పనిలో నేను రోజూ చూసేదే. కాకపోతే ఒకటి. ఇప్పుడు మీ ఊరి పిల్లవాడు ఏం చెబుతున్నాడు? జపాను అన్న మాట కూడా చెప్పడు. బ్రిటిషోళ్ల గ్రౌండు అంటాడు, అక్కడితో సరి. తప్పు కథ చెప్పేవాణ్ణి కూర్చోబెట్టి సరిదిద్దొచ్చు మాస్టారూ, మీ ఉద్యోగం అదేగా. కథే లేనివాడికి ఏం దిద్దుతారు? ఇంకోటి, కథ అబద్ధమైనా వెనకున్న నేల అబద్ధం కాదు. మద్రాసులో తీసిన నలుపు తెలుపు సినిమాలు చూడండి. హీరో, హీరోయిన్ పాడుకుంటూ పోతుంటే వెనక మౌంట్ రోడ్డు కనపడుతుంది. ట్రాము పట్టాలు, చెట్లు, కొట్ల మీద బోర్డులు. ఆ పాట కోసం కాదు, ఆ రోడ్డు కోసమే ఇవాళ ఆ రీలుని జాగ్రత్తగా చూసేవాళ్లున్నారు. అది తీసినవాడు చరిత్ర రాద్దామని తీయలేదు. పొద్దుగూకక ముందు షాట్ అయిపోవాలని తీశాడు.

మాస్టారు: అది నిజమే. నేనూ అట్టా చూసేవాళ్లలో ఒకణ్ణి. అయితే ఆ రోజుల్లో కెమెరా ముందు ఏముంటే అదే పడేది. ఇప్పుడు నువ్వు గ్రీన్ మ్యాట్ కడతావు, వెనక ఏముందో కంప్యూటర్లో పెయింటు చేస్తావు. దొనకొండ రన్‌వే మీద నిలబడి తీసినా తెర మీద దొనకొండ నుంచి మిగిలేది హీరో బూట్ల కింద జానెడు మట్టే.

సినిమా మనిషి: జానెడు ఎక్కువే చెప్పారు.

మాస్టారు: నవ్వకు. ఇంకా ఉంది. రన్‌వే కథంటే పైలట్ కథ అనుకుంటారు మీరంతా. నా లెక్కలో అది తట్ట మోసినవాళ్ల కథ. యుద్ధంలో ఈ దేశంలో వేసిన మైదానాలు చాలావరకు మనుషుల చేతుల మీద లేచినవే. కంకర కొట్టింది, నెత్తిన తట్ట పెట్టుకుని మోసింది ఆడవాళ్లూ మగవాళ్లూ. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ అని చెప్పి సర్కారు పొలం కావాలంటే తీసుకునేది, ఇవ్వనని అనే వీల్లేదు. ఈ రెండు సంగతులూ ఏ యుద్ధం సినిమాలోనన్నా చూశావా?

సినిమా మనిషి: చూశాను. 1971 పాకిస్తాన్ యుద్ధంలో గుజరాత్‌లోని భుజ్ రన్‌వే బాంబులతో గుంటలు పడితే మాధాపర్ ఊరి ఆడవాళ్లు మూడువందలమంది 72 గంటల్లో బాగుచేసిపెట్టారు. ఆ కథ దేశం మొత్తానికీ చేరవేసింది 2021లో వచ్చిన సినిమానే. పాఠ్యపుస్తకం కాదు.

మాస్టారు: అందులో హీరో ఎవరు?

సినిమా మనిషి: అజయ్ దేవగణ్.

మాస్టారు: ఏం వేషం?

సినిమా మనిషి: స్క్వాడ్రన్ లీడరు.

మాస్టారు: చూశావా. మూడువందలమంది ఆడవాళ్ల కథ చెప్పాలన్నా ముందు ఒక ఆఫీసరు నడుచుకుంటూ రావాలి.

సినిమా మనిషి: వస్తేనే డబ్బులొస్తాయి మాస్టారూ, దాచుకునేదేముంది. డబ్బు మాట వచ్చింది కాబట్టి అటే పోదాం. చరిత్ర మీది, ఆకలి అందరిదీ. యూనిట్టు దిగితే నూట యాభైమంది. భోజనాలు, కార్లు, గదులు, నీళ్ల ట్యాంకర్లు, సెట్టు కట్టే వడ్రంగులు, గుంపు సీనుకి మనుషులు. రోజు బేటా రోజే చేతిలో పడుతుంది. మెట్ట పంట నమ్ముకున్న మండలానికి అది చిన్న సంగతా?

మాస్టారు: చిన్నది కాదు. కానీ మీకు కావలసిన నెలలేవి? ఎండ తగ్గి, వెలుతురు మెత్తగా ఉండే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. మా మిరపకోతలు ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. కోత కూలీ దొరక్క రైతు ఆటోలు కట్టించి పక్క మండలం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నాడు. నువ్వు టోపీ పెట్టించి, తుపాకీ ఇచ్చి, నీడన కూర్చోబెట్టి బేటా ఇస్తానంటే, చేలోకి ఎవరు దిగుతారు? చెట్టు మీదే పండిపోయిన కాయకి రంగు దిగుతుంది, యార్డులో ధర దిగుతుంది. నీ పదిహేను రోజులు ఒక్కో రైతుకి ఏడాది.

సినిమా మనిషి: కూలివాళ్ల వైపు నుంచి చూడరేం? వంగి కాయ కోసే మనిషికి ఓ పదిహేను రోజులు నడుం నిలబెట్టుకునే పని దొరికితే, కోత కూలి కూడా పది రూపాయలు పెరిగితే, నష్టపోయింది ఊరా, ఊళ్లో ఒక వైపా?

మాస్టారు: ఊఁ. అది కూడా నిజం. నేను రైతుబిడ్డని కాబట్టి రైతు వైపు నుంచే నోరు లేచింది. కానీ ఇంతకీ మైదానం అద్దె ఎవరికి పోతుంది? నేల ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. చలానా వాళ్ల పేర కడతావు. దొనకొండ పంచాయతీకి ఏం వస్తుంది? దుమ్మొస్తుంది.

సినిమా మనిషి: అగ్రిమెంటులో రాయించండి. అద్దెలో ఇంత పంచాయతీకి, గుంపు సీనుకి ఊరివాళ్లకే ముందు, కోతలప్పుడు షూటింగు లేదు. మీరు గట్టిగా అడిగితే నిర్మాత ఇస్తాడు. మీరు అడగరు. ఊళ్లో వద్దు అనేవాడు ఒకడు, హీరోతో ఫొటో చాలు అనేవాళ్లు వందమంది. బేరమాడేవాడు ఉండడు. నేను పాతికేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నా, చూస్తున్నది ఇదే.

మాస్టారు: బేరం కుదిరి, అంతా నువ్వన్నట్టే జరిగిందనుకుందాం. అప్పుడేమవుతుందో కూడా చూద్దాం. లండన్ పక్కన లీవ్స్‌డెన్ ఉంది. యుద్ధంలో మస్కిటో, హాలిఫాక్స్ విమానాలు తయారుచేసిన చోటు. 1994లో జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డెన్ ఐ' కోసం తీసుకున్నారు. తర్వాత హ్యారీ పోటర్ వచ్చింది, దశాబ్దంపాటు కదల్లేదు. 2010లో వార్నర్ బ్రదర్స్ కొనేసింది. 2012 నుంచి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. జనం విరగబడి వెళ్తారు, చూసేది మంత్రాల బడిని. విమానాలు చేసినవాళ్ల ఊసు ఎందరికి? నీ పని గట్టిగా నెగ్గిన చోటల్లా మైదానం పోయి స్టూడియో మిగిలింది. ఓడిన చోట హ్యాంగరు పోయింది.

సినిమా మనిషి: లీవ్స్‌డెన్‌లో వేలమందికి జీతాలున్నాయి మాస్టారూ. మన పిల్లలు దొనకొండ నుంచి హైదరాబాదు బస్సెక్కకుండా వడ్రంగమో, లైట్లో, ఎడిటింగో ఇక్కడే నేర్చుకుంటారంటే, మంత్రాల బడైనా నాకు సమ్మతమే. అయినా భయపడకండి, దొనకొండకి అంత యోగం పట్టదు. తెలుగు సినిమాకి హైదరాబాదు గేటు దాటడమే బద్ధకం. 2024లో గుంటూరు పేరే టైటిల్‌గా పెట్టి పెద్ద సినిమా వచ్చింది, ఎక్కువ భాగం గుంటూరు వచ్చి తీయలేదు. పేరు మనది, ఘాటు మనది, ఖర్చు పెట్టింది వేరే చోట. నాకు కోపం అక్కడుంది. మీకు సినిమావాడు వచ్చేస్తాడని బెంగ, నాకు రాడని బెంగ.

మాస్టారు: వస్తానని రాకపోవడం దొనకొండకి కొత్త కాదులే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండే అన్నారు. ఎక్కడెక్కడివాళ్లో కార్లలో వచ్చి కందిచేలకి ధరలు కట్టారు. రాజధాని అమరావతికి పోయింది. తర్వాత పరిశ్రమలన్నారు. ఉడాన్ విమానాలన్నారు. ఇప్పుడు కొత్త విమానాశ్రయాలు ఒంగోలులో, నాగార్జునసాగర్‌లో చూస్తామంటున్నారు. ఉన్నదాన్ని మాత్రం ఎవరూ చూడరు. యుద్ధంలో ఎదురుచూడ్డానికి కట్టిన చోటు కదా, అదే అలవాటైపోయింది దానికి. నువ్వొచ్చి ఇంకో ఆశ పెడతావని నా బాధ.

సినిమా మనిషి: నేను ఆశ పెట్టడం లేదు. రాజధాని ఇస్తానన్లేదు, పరిశ్రమ పెడతానన్లేదు. పదిహేను రోజులు, ఇంత అద్దె. రాసిచ్చి పోతాను. మీ ఊరికి వచ్చినవాళ్లందరిలో తక్కువ మాట చెప్పినవాణ్ణి నేనే.

మాస్టారు: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. సరే, ఈ నేల మీద తీయాల్సిన కథలు నీకు చెబుతా, బాంబు లేనివి. 1987లో తెల్లదోమ పడి ఈ పత్తిచేలు నాశనమయ్యాయి. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి, అప్పు తీరక, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు అదే పురుగుమందు తాగి చచ్చిపోయారు. ఈ మైదానాల్లో నిజంగా మనుషులు పడిపోయిన యుద్ధం ఏదన్నా ఉందంటే అదే. యుద్ధం సినిమా అనగానే నీకు యూనిఫారాలు గుర్తొస్తాయి. నాకు పొద్దున్నే చేను గట్టున పడున్న మందు డబ్బా గుర్తొస్తుంది.

సినిమా మనిషి: దాన్ని తీస్తానంటే డబ్బు పెట్టేవాణ్ణి నేను తేలేను మాస్టారూ. తేగలనని మీకు చెప్పి దణ్ణం పెట్టించుకోను. నేను తేగలిగింది యూనిఫారం సినిమాని. దాని వెనక దారి పడితే, ఏ కుర్రాడో చిన్న కెమెరా పట్టుకుని ఆ డబ్బా దగ్గరికి రావచ్చు. రాకపోనూవచ్చు.

మాస్టారు: కంప కొట్టే రోజు నన్ను పిలువు. మీ మిషను దిగకముందు నేనూ, ఇద్దరు పిల్లలూ టేపు పట్టుకుని నడుస్తాం. రన్‌వే అంచు ఎక్కడ, కాంక్రీటు ఎంత మందం, పునాదులు మిగిలినవి ఎక్కడెక్కడ, అన్నీ కాయితం మీద గీసుకుంటాం. ఒక్క ఇటిక కదిలినా లెక్కలో ఉండాలి.

సినిమా మనిషి: ఆ కొలతలు నాకూ కావాలి. రెక్కీలో మేం చేసేదే అది. ఒక కాపీ నాకివ్వండి.

మాస్టారు: ఇస్తా. ఆ కాయితం చూసి ఇక్కడ పేల్చడానికి ఏది బాగుంటుందని వెతుక్కోనంటే.

సినిమా మనిషి: పేల్చేది ఉంటే సెట్టు వేసే పేలుస్తాం. రాసిస్తా. చివర్లో టైటిల్స్‌లో కూడా వేయిస్తా, 'ప్రకాశం జిల్లా దొనకొండ విమానాశ్రయంలో చిత్రీకరించినది' అని.

మాస్టారు: అది పడేసరికి హాల్లో లైట్లు వెలిగి, జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. నాకది వద్దు. కథ మధ్యలో ఒక్క షాట్ కావాలి. రన్‌వే, పైన ఖాళీ ఆకాశం. పక్కన తట్ట బోర్లించుకుని కూర్చున్న ఒక ఆడమనిషి పైకి చూస్తుంటుంది. ఏమీ రాదు. అంతే.

సినిమా మనిషి: డైరెక్టరుకి చెబుతా. పెడతాడనే అనుకుంటున్నా.

మాస్టారు: ఎంతసేపు పెడతాడు?

సినిమా మనిషి: నాలుగు సెకన్లు.

మాస్టారు: నాలుగు సెకన్లలో ఎదురుచూడ్డం ఏం కనపడుతుందయ్యా?

సినిమా మనిషి: ఎనిమిది అడుగుతాను. అంతకంటే ఎడిటరు ఒప్పుకోడు.